ఆకాశయానమునకు నేలదారి

సోంపేట ప్రాంతమున ఒక యింటినుండి కుర్రవాడు పరదేశమునకు పనికి బయలుదేరుచున్నాడనగా ఆ రాత్రి ఆ యింట ఎవరికిని నిద్ర ఉండదు. ఇంతకాలము ఈ ప్రాంతమువారికి విమానాశ్రయమనగా విశాఖపట్టణమే. దూరము రమారమి 200 కిలోమీటర్లు. తెల్లవారుజామున విమానమైనచో అంతకు రెండుగంటల ముందుగా ద్వారముకడ నిలువవలెను. విదేశయానమైనచో మూడుగంటలు ముందుగా నిలువవలెను. కావున ముందునాడే కారు మాటలాడి, అర్ధరాత్రికి ముందే పెట్టెలు సర్ది, తండ్రియో మేనమామయో తోడుగా వెళ్లి సాగనంపుట ఆచారమైనది. కారు తిరుగుదారిని ఖాళీగా వచ్చినను కిరాయి రానుపోను రెండింటికిని చెల్లింపవలసినదే. విశాఖనుండి హైదరాబాదునకు విమానము ఎగురు కాలము గంటకు కొంచెము ఎక్కువ. ఆ విమానమును అందుకొనుటకు సోంపేటవాడు నేలమీద గడపు కాలము మూడు నాలుగు గంటలు. డబ్బు సంగతియు ఇంచుమించు ఇట్టిదే. ఆకాశమునకు పెట్టిన ఖర్చుతో నేలకు పెట్టిన ఖర్చు పోటీపడుచుండును.

విమానము ధనికుల వాహనమనెడి మాట ఈ తీరమున ఏనాడో పాతబడినది. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు మండలములనుండి వెల్డింగు, ఫిట్టింగు వంటి పనులు నేర్చినవారు గల్ఫుదేశములకును సింగపూరునకును పోవుచున్నారు. సైన్యములో పనిచేయువారు సెలవులకు వచ్చి పోవుచున్నారు. పరీక్షలకు, ఉద్యోగపు ఇంటర్వ్యూలకు దూరనగరములకు పోవు విద్యార్థులున్నారు. వీరిలో పెక్కురు జన్మలో మొదటిసారి విమానమెక్కువారు. విమానము తప్పిపోయినచో టిక్కెట్టు సొమ్ము పోవుటయే గాక కొందరికి ఉద్యోగమే పోవును. అందువలన విమానాశ్రయమునకు చేరు దారి వీరికి జీవనసమస్య.

తగ్గిన దూరము

విజయనగరము జిల్లాలో భోగాపురముకడ అల్లూరి సీతారామరాజు పేర నిర్మింపబడిన అంతర్జాతీయ విమానాశ్రయము ఈ లెక్కను మార్చుచున్నది. దానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన జరిగెను. నడుమ 2020 జూనులో రాష్ట్రప్రభుత్వమునకును జి.ఎం.ఆర్. సంస్థకును ఒప్పందము కుదిరెను. 2026 జనవరి 4న ఢిల్లీనుండి వచ్చిన విమానమొకటి పరీక్షార్థము అక్కడి రన్‌వేపై దిగెను. దాదాపు 2,200 ఎకరముల నేల, 3.8 కిలోమీటర్ల రన్‌వే, తొలిదశలో ఏటా 60 లక్షలమంది ప్రయాణికులకు చాలునట్టి భవనము దాని కొలతలు. విశాఖలోని విమానక్షేత్రము నౌకాదళమునకు చెందినది. పౌరవిమానములు అక్కడ నౌకాదళము విడిచిన వేళలకు లోబడి నడచినవి. ఆ పౌరవిమానములను భోగాపురమునకు తరలించుట ఈ ప్రణాళికలోని భాగము.

విశాఖ నగరవాసికి దీనివలన దారి పెరుగును. నగరమునుండి భోగాపురము సుమారు 45 కిలోమీటర్లు. కావుననే వార్తాపత్రికలలోను సభలలోను జరిగిన చర్చ చాలవరకు విశాఖ వైపునుండియే సాగినది. ఆరు వరుసల రహదారి, సముద్రతీరపు దారి, మెట్రో రైలును తరువాతి దశలో భోగాపురమువరకు పొడిగించు ఆలోచన అన్నియు దక్షిణమునుండి వచ్చువారిని ఉద్దేశించినవే. ఉత్తరమునుండి వచ్చువారి మాట అంతగా వినబడలేదు. వారికి దారి తగ్గినది కదా, ఇక చింత యేమి అని పలువురు తలంతురు.

దారి తగ్గిన మాట నిజమే. సోంపేటనుండి భోగాపురము సుమారు 160 కిలోమీటర్లు. పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళము, రణస్థలము మీదుగా 16వ నంబరు జాతీయరహదారిపై పోయి, విశాఖ నగరపు రద్దీలో చిక్కుకొనకుండ దిగవచ్చును. సొంతకారుగలవానికి ఇది ముప్పావుగంటకు తక్కువకాని లాభము. కాని కారులేనివాని లెక్క వేరు. అతడు రైలునో బస్సునో నమ్ముకొన్నవాడు. రైలుమార్గము, జాతీయరహదారి ఈ జిల్లాలో చాలదూరము దగ్గరదగ్గరగా నడచును గాని శ్రీకాకుళము దాటిన పిమ్మట విడిపోవును. రహదారి సముద్రమువైపు రణస్థలము, పూసపాటిరేగ, భోగాపురముల మీదుగా సాగును. రైలు లోపలివైపు చీపురుపల్లి మీదుగా విజయనగరము చేరును. భోగాపురమునకు రైలు లేదు. విజయనగరము స్టేషనులో దిగినవాడు ఇంకను పాతిక కిలోమీటర్లకు అటు ఇటుగా రోడ్డుమీద పోవలెను.

పాత విశాఖ విమానాశ్రయమునకు పోవువాడు విశాఖ స్టేషనులో దిగినచో అది మహానగరము. సిటీబస్సులు, ఆటోలు దండిగా దొరకును. రాత్రి రెండుగంటలకు విజయనగరములో దిగిన ఒంటరి ప్రయాణికుని స్థితి అట్టిది కాదు. ఈ విధముగా మైళ్లు తగ్గినను, ప్రయాణములోని అతుకు బలహీనపడినది.

పేరొకచోట, స్టేషనొకచోట

ఇట్టి చిక్కు ఈ జిల్లాకు కొత్తది కాదు. 1893 నుండి 1896 వరకు బెజవాడనుండి కటకమువరకు తూర్పుతీరపు రైలుమార్గము వేయబడినది. ఇంజనీర్లు నదులను, కొండలను, ఖర్చును చూచుకొని తిన్నని మార్గము ఎంచుకొనిరి. ఊళ్లను చూచి వంకరలు తిరుగలేదు. దాని ఫలితము నేటికిని కనబడుచున్నది. సోంపేట పేరుగల స్టేషను కంచిలిలో ఉన్నది. శ్రీకాకుళము రోడ్డు అను స్టేషను ఆమదాలవలసలో ఉన్నది. అక్కడినుండి శ్రీకాకుళము పట్టణమునకు పండ్రెండు పదమూడు కిలోమీటర్లు. రైలు వచ్చినదని సంతోషించిన ఊరు, ఆ రైలును అందుకొనుటకు మొదట బండ్లను, జట్కాలను, పిదప రిక్షాలను, ఇప్పుడు ఆటోలను ఆశ్రయించినది. పెద్దరైలు వేసిన ప్రభుత్వము చివరి నాలుగు మైళ్లను ప్రయాణికునికే వదలినది.

ఆ చివరి మైళ్లను వదలక పట్టించుకొన్న ఉదాహరణము కూడ ఈ జిల్లాలోనే కలదు. పెద్దరైలు నౌపడ మీదుగా పోయినది. పర్లాకిమిడి పట్టణము దానికి 40 కిలోమీటర్ల దూరమున ఉండిపోయినది. అప్పుడు పర్లాకిమిడి సంస్థానము పూనుకొని నౌపడనుండి టెక్కలి మీదుగా తమ పట్టణమునకు రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్నరైలును వేయించెను. అది 1900 ఏప్రిలులో నడువసాగెను. 1931 నాటికి గుణుపురమువరకు పెరిగెను. 2011లో అదియే పెద్దలైనుగా మారి నేటికిని నడచుచున్నది. చిన్నరైలు లేకున్నచో పెద్దరైలు పర్లాకిమిడివారికి దూరపు కూతగా మాత్రమే మిగిలియుండెడిది. ప్రధానమార్గము ఎంత గొప్పదైనను, దానిని అందుకొను ఉపమార్గము లేనిచో అది దారిప్రక్క ఊరికి చెందదు. 126 ఏండ్లక్రింద నౌపడకడ తేలిన ఈ పాఠము భోగాపురమునకును వర్తించును.

దూరమైనను దగ్గర

సోంపేట ఆంధ్రదేశపు ఈశాన్యపు కొన. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు ఇది గంజాము జిల్లాలోనిది. అందుచేత ఈ ఊరివారికి ఉత్తరదిక్కున మరొక విమానాశ్రయము కలదు. అది భువనేశ్వరములోని బిజూ పట్నాయక్ విమానాశ్రయము. రహదారిపై చూచినచో అది 200 కిలోమీటర్లకు పైబడిన దూరము; భోగాపురముకంటె స్పష్టముగా ఎక్కువ. అయినను రైలు ప్రయాణికుని కంటితో చూచినచో కథ మారును. భువనేశ్వరము రైలుస్టేషనుకును విమానాశ్రయమునకును నడుమ దూరము నాలుగు కిలోమీటర్లకు అటు ఇటు మాత్రమే. కంచిలిలో బండి ఎక్కినవాడు భువనేశ్వరములో దిగి, ఆటో ఎక్కి, పావుగంటలో విమానాశ్రయపు ద్వారముకడ నిలువగలడు. దారిలో తెగిన అతుకు లేదు.

ఇందువలన ఒక వింత తేలుచున్నది. పటములో దగ్గరగానున్న విమానాశ్రయము ప్రయాణములో దూరమగుచున్నది, దూరమైనది దగ్గరగుచున్నది. బండి మారుటకు ఎన్నిసార్లు దిగవలెను, దిగినచోట ఎంతసేపు నిలువవలెను, రెండవ బండి వచ్చునని నమ్మకమున్నదా అనునవే విమానాశ్రయపు నిజమైన దూరమును నిర్ణయించును. ఉపాధ్యాయులు ఉన్నత తరగతుల పిల్లలచేత ఈ లెక్క చేయింపవచ్చును. ఊరినుండి రెండు విమానాశ్రయములకును దారి గీయించి, ఒక వరుసలో కిలోమీటర్లు, రెండవ వరుసలో గంటలు, మూడవ వరుసలో బండి మారు తావులు వ్రాయించినచో, భూగోళములోని దూరమునకును జీవితములోని దూరమునకును గల భేదము వారికి తెలియును.

ఇతరుల అనుభవము

లోకములో ఈ విషయమును ముందుగా గ్రహించినవారు కొందరున్నారు. లండను సమీపమున గాట్విక్ విమానాశ్రయమును 1958 జూనులో ప్రారంభించినపుడు దాని భవనమును రైలుస్టేషనుతో కలిపి కట్టిరి. విమానము దిగినవాడు అదే కప్పుక్రింద నడచి రైలెక్కుటకు వీలైనది. మన దేశమున చెన్నై విమానాశ్రయమునకు ఎదురుగా తిరుసూలము స్టేషను కలదు. ఢిల్లీలో 2011లో విమానాశ్రయమునకు ప్రత్యేకముగా మెట్రోమార్గము వచ్చినది.

హైదరాబాదు అనుభవము తెలుగువారికి మరింత పరిచితము. 2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేటనుండి శంషాబాదునకు మారినపుడు నగరవాసులు దూరమని దిగులుపడిరి. మెట్రో మాట పలుమార్లు వినబడినది, మార్గము మారినది. ఆ నడుమ సామాన్యుని ఆదుకొన్నవి నగరపు పలు ప్రాంతములనుండి నడచిన పుష్పక్ బస్సులు. బెంగుళూరులోను అట్లే జరిగినది. అక్కడ దేవనహళ్లి విమానాశ్రయము 2008లో తెరువబడినది. ఆనాటినుండి వాయువజ్ర బస్సులు నడచుచున్నవి. 2021 జనవరిలో దాని సమీపమున చిన్న రైలుస్టేషను కూడ వచ్చినది గాని, అచట ఆగు బండ్లు కొద్దివగుటచే దానివలన కలిగిన మేలు స్వల్పము. స్టేషను కట్టుట యొక పని, ప్రయాణికుని వేళకు బండి నడపుట మరియొక పని. రెండవది లేక మొదటిది గోడగానే మిగులును.

బస్సే మొదటి మెట్టు

ఈ అనుభవములను బట్టి చూడ, ఉద్దానము ప్రజలకు వెంటనే కావలసినది బస్సు. కొత్త రైలుమార్గమునకు ఏండ్లు పట్టును, కోట్లు పట్టును. బస్సునకు కావలసిన రోడ్డు ఉన్నది. బస్సు డిపోలు పలాసలోను, టెక్కలిలోను, శ్రీకాకుళములోను ఉన్నవి. ఇచ్ఛాపురమువైపునుండి విశాఖకు పోవు బస్సులు భోగాపురము మీదుగనే పోవును. లోపమెల్ల జాతీయరహదారినుండి విమానాశ్రయ ద్వారమువరకు గల కొద్ది కిలోమీటర్లలో ఉన్నది. పెద్ద బస్సు రహదారిపై దింపి పోయినచో, అర్ధరాత్రి రెండు పెట్టెలతో దిగిన ప్రయాణికుడు ఆటోవాని దయపై ఆధారపడవలెను. కంచిలిలో రైలు దిగినవాని పాతకథ ఇక్కడ మరల మొదలగును.

కావున చేయవలసినది మూడు విధములు. మొదటిది, ఇచ్ఛాపురముననో సోంపేటలోనో బయలుదేరి కాంప్లెక్సులలో ఆగుచు విమానాశ్రయ ద్వారమువరకు నేరుగా పోవు బస్సులను, కొద్దివైనను సరే, విమానముల వేళలను చూచి నడపుట. రెండవది, విశాఖకు పోవు బస్సులలో కొన్నింటిని విమానాశ్రయములోనికి మళ్లించి తిరిగి రహదారికి తెచ్చుట. మూడవది, విజయనగరము స్టేషనులో ముఖ్యమైన రైళ్లు వచ్చు వేళలకు ఒక బస్సును సిద్ధముగా నిలిపియుంచుట. 2024 మార్చిలో మొదలైన విశాఖ–భువనేశ్వరము వందే భారత్ రైలు పలాసలోను, విజయనగరములోను ఆగునట్లు ఏర్పరుపబడినది. అట్టి బండికి బస్సు తోడైనచో పలాసవాడు కారు మాట మరచిపోవచ్చును.

బస్సులు ఖాళీగా తిరుగునని, నష్టము వచ్చునని ఒక అభ్యంతరము వినబడును. అది త్రోసివేయదగినది కాదు. తొలినాళ్లలో ఏ కొత్తబస్సునకైనను జనము తక్కువే. అయితే ప్రయాణికునికి నమ్మకము కుదురుటకు కాలము పట్టును. రెండునెలలు నడపి జనము లేరని ఆపివేసినచో ఆ నమ్మకము ఏనాటికిని కుదరదు. నష్టము తగ్గుటకు పెద్దబస్సుకు మారుగా చిన్నబస్సు నడుపవచ్చును. విమానాశ్రయములో పనిచేయువారు, దుకాణములవారు, కావలివారు కూడ ఆ బస్సులోనే పోవుదురు గాన పగటివేళ దానికి జనము కొరత ఉండకపోవచ్చును. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు మొదలగు బస్సులలో ఉచితప్రయాణము కల్పింపబడినది. విమానాశ్రయ బస్సు ఆ తరగతులలో చేరినచో, కుమారుని సాగనంపుటకు వచ్చిన తల్లి కూడ అదే బస్సులో తిరిగి ఇల్లు చేరగలదు.

వేళలపట్టిక తెలుగులో అచ్చువేసి ప్రతి కాంప్లెక్సులోను అంటించుట, రాత్రివేళ స్త్రీలు కూర్చుండుటకు వెలుతురుగల గది తెరచియుంచుట చిన్న విషయములుగా తోచును. తొలిసారి విమానమెక్కువానికి ఇవియే పెద్దవి.

రాత్రిదారి, గాలివాన

ఈ విషయములో ప్రాణభయము కూడ ఇమిడియున్నది. నిద్రలేని డ్రైవరు, తొందరలోనున్న ప్రయాణికుడు, దారిప్రక్క నిలిపిన లారీ, ఈ మూడును కలసిన రాత్రి ప్రమాదకరము. 2012 నవంబరు 2 వేకువజామున మాజీ కేంద్రమంత్రి కింజరాపు ఎర్రన్నాయుడు విశాఖవైపునుండి తిరిగివచ్చుచు, రణస్థలము సమీపమున కారు ట్యాంకరును ఢీకొనగా మరణించిరి. ఆయన కుమారుడు రామమోహననాయుడు 2024 జూనులో కేంద్ర పౌరవిమానయానశాఖకు మంత్రియైరి. జిల్లా ప్రజలకు ఆ రహదారి ప్రమాదమును గూర్చి మరొకరు చెప్పనక్కరలేదు. ప్రతి విమానమునకు ఒక కారు చొప్పున రాత్రులలో పరుగెత్తుటకంటె, విశ్రాంతి పొందిన డ్రైవరు నడపు ఒక బస్సు అందరికిని క్షేమము.

గాలివానల సంగతి వేరుగా చెప్పవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ విమానాశ్రయపు కప్పును చీల్చి కొన్ని దినములు మూతవేయించినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చినది. చెట్లు పడి దారులు మూసికొనిపోయినవి. ఇట్టి తీరమున ఒకే రోడ్డును, ఒకే బండిని నమ్ముకొనుట వివేకము కాదు. రైలును, బస్సును రెండింటిని అతికియుంచినచో, ఒకటి తెగినపుడు రెండవది ఆదుకొనును.

నేల విలువ

ఈ చర్చ ఇంతటితో ముగియదు. పలాస పరిసరములలో, మందస, వజ్రపుకొత్తూరు మండలముల వైపు, మరొక విమానాశ్రయము నిర్మింపవలెనను ప్రతిపాదన కూడ వచ్చినది. ప్రాంతము వెనుకబడినదనియు, సరకుల ఎగుమతికి అది తోడ్పడుననియు దానిని కోరువారి వాదము. తోటలు పోవునని రైతులు 2025లో నిరసన తెలిపిరి. ఉద్దానమనెడి పేరు ఉద్యానవనమునుండియే వచ్చెనని ఈ ప్రాంతమువారు చెప్పుకొందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస కలసి పెరుగు ఈ తోటనేల ఒకసారి రన్‌వే క్రిందికి పోయినచో మరల తోట కాదు. నేలను గూర్చి ఈ ప్రాంతపు జ్ఞాపకము కూడ బరువైనది. 2010 జూలై 14న సోంపేట బీలభూములలో విద్యుత్‌కేంద్రమును వ్యతిరేకించిన ప్రజలపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి.

రెండు వాదములలోను కొంత న్యాయమున్నది. ప్రాంతపు వెనుకబాటు కల్పన కాదు. మూత్రపిండవ్యాధితో బాధపడు ఉద్దానమువారు పలాసలో 2023 డిసెంబరు 14న పెద్ద ఆసుపత్రి తెరువబడువరకు ప్రత్యేక వైద్యమునకై విశాఖదారి పట్టవలసివచ్చెడిది. అయితే సరకుల వాదమును నిదానించి చూడవలెను. జీడిపప్పు ఎండిన సరకు. లారీలో రెండుదినములు పోయినను చెడదు. చేపకు, రొయ్యకు తొందర కలదు; వానికి ముందుగా కావలసినది మంచుగది, చల్లనిలారీ, భోగాపురమునకు నిరాటంకమైన దారి. ఇవి సమకూరిన పిమ్మట విమానము కొరత ఎంత మిగిలినదో కొలుచుకొని, అప్పుడు నేల మాట తలపెట్టుట న్యాయము. కొలువకముందే తోటలు కొట్టుట, ఆకలి ఎంతో తెలియక ఇల్లమ్మి బియ్యము కొనుట వంటిది. 160 కిలోమీటర్ల దూరములోని విమానాశ్రయమును అందుకొనుటకు బస్సు నడుపుట పరీక్షించి చూచుటకు సులభమైన ఉపాయము. ఫలింపకున్నచో బస్సును మరల్చుకొనవచ్చును. తోటను మరల్చుకొనలేము.

రన్‌వే పొడవు, భవనపు అందము, ప్రారంభోత్సవపు వైభవము ఎల్లరకును కనబడును. కంచిలి స్టేషను వెలుపల రాత్రి పదకొండుగంటలకు నిలుచున్న కుర్రవాని పెట్టె ఎవరికిని కనబడదు. ఆ పెట్టెను ఎక్కించుకొనుటకు నమ్మకమైన బస్సొకటి వేళకు వచ్చిననాడే భోగాపురపు విమానాశ్రయము సోంపేటకు కూడ చెందినదగును.